ఖో ఇచ్చి కూర్చున్న మనిషి

డ్రిల్లు సారు పోయారన్న కబురు మంజుల ఫోనులో చెప్పింది. "అన్నా, సారు పోయిండు. పొద్దుగాల చాయ్ తాగి వాకిట్ల కుర్చీల కూసున్నడంట. గంతే" అన్నది. "కూసునే పోయిండు" అని మళ్లీ అన్నది. ఆమె ఏడవడం లేదు. ఆ రెండో మాటను మాత్రం ఒత్తి పలికింది. ఎందుకు ఒత్తిందో నాకు తెలుసు. ఈ నాలుగు ముక్కలు చదివితే మీకూ తెలుస్తుంది.

వార్త ఇవ్వడానికి డెస్కుకు ఫోన్ చేశాను. అవతల కొత్తగా చేరిన సబ్ ఎడిటర్. "ఆయన ఏం సాధించారు సార్? మెడల్స్, అవార్డులు?" అని అడిగాడు. అది అతని ఉద్యోగం, తప్పుపట్టను. అవార్డులు లేవన్నాను. "పోనీ ఆయన గొప్పతనం ఏంటో ఒక్క లైన్లో చెప్పండి" అన్నాడు. నాకు లైను దొరకలేదు. మర్నాడు జిల్లా పేజీలో, కింద మూలన, విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు మృతి అని చిన్న వార్త వచ్చింది. అందులో వివరాలన్నీ సరైనవే. అందులో పట్టనివి ఇక్కడ రాస్తున్నాను.

నేను ఆయన దగ్గర చదువుకోలేదు. మొయినాబాద్, చేవెళ్ల వార్తలు రాసే విలేకరిగా ఆయన్ను ఎరుగుదును. ఇల్లు చేవెళ్లలో. ఉద్యోగం మొయినాబాద్ పక్కన ఒక సర్కారు బడిలో. రోజూ మెహిదీపట్నం బస్సులో వచ్చి బడి ముందు దిగేవారు. తెల్ల చొక్కా, మెడలో బూటు లేసుకు కట్టిన విజిల్. ఆ విజిల్‌ను ఊదడం మాత్రం అరుదు. వ్యాయామ ఉపాధ్యాయుడు అన్న మాట కాగితాల మీదే ఉండేది. పిల్లలకు, వాళ్ల తల్లిదండ్రులకు, బస్సు కండక్టర్లకు కూడా ఆయన డ్రిల్లు సారే.

ఆయన్ను మొదటిసారి చూసింది మా చేవెళ్ల రోడ్డు మీదికి ఇంజనీరింగ్ కాలేజీలు ఒకదాని వెనుక ఒకటి వస్తున్న రోజుల్లో. అలాంటి ఒక కాలేజీ గురించి రాయడానికి స్కూటర్ మీద వెళ్తున్నాను. బడి వెనుక మైదానంలో ఆడపిల్లలు వరుసగా గొంతుక్కూర్చుని ఉన్నారు. ఒక పిల్ల ముఖం ఇటు, పక్క పిల్ల ముఖం అటు. ఎవరూ కదలడం లేదు. ఎండ బాగా ఉంది. నాకు అందులో వార్త కనిపించింది. బండి ఆపి లోపలికి వెళ్లాను.

"ఏం తప్పు చేసిన్రని సారూ, పిల్లల్ని గిట్ల ఎండల కూసోవెట్టిన్రు?" అన్నాను.

ఆయన నా స్కూటర్ మీది ప్రెస్ అన్న అక్షరాలు చూశారు. "శిక్ష గాదు రిపోర్టర్ సాబ్, శిక్షణ" అన్నారు. "ఉరుకుడు అందరికి వస్తది. కూసునుడు నేర్పాలె. ఖో ఖోల ఎక్కువసేపు కూసునుడే ఉంటది."

వార్త పోయింది. మనిషి దొరికాడు.

ఖో ఖో తెలియని వాళ్లు తక్కువే. అయినా ఒక్క నియమం గుర్తు చేయాలి, ఈ స్మృతికి అదే కావాలి. తరిమే జట్టులో ఒకరే పరుగెత్తుతారు, మిగతావాళ్లు గీతల మధ్య గళ్లలో వరుసగా కూర్చుంటారు. పరుగెత్తే మనిషి కూర్చున్న మనిషి వెనక్కి వచ్చి, వీపు మీద చెయ్యి తాకించి, ఖో అనాలి. అప్పుడు ఆ మనిషి లేచి తరుముతుంది, ఖో ఇచ్చిన మనిషి ఆమె గడిలో కూర్చుంటుంది. ఖో అందకముందే లేస్తే ఫౌల్. చెయ్యి తాకడం, మాట రావడం కలవకపోయినా ఫౌల్.

ఆ మైదానం నిండా రాళ్లు. ఎంత ఏరినా వాన పడగానే కింద నుంచి మళ్లీ తేలేవి. అందుకని ఆట మొదలుపెట్టే ముందు ప్రతి పిల్లా నడుస్తూ రాళ్లు ఏరి ప్రహరీ పక్కన వేయాలి. అదే వాళ్ల వార్మప్. ఏళ్లు గడిచేసరికి అక్కడ నడుమెత్తు రాళ్ల కుప్ప తయారైంది. సున్నంతో గీతలు మాత్రం సారే గీసేవారు. ఆ పని ఇంకెవరికీ ఇచ్చేవారు కాదు.

ఆయన నేర్పే పద్ధతి నేను మరెక్కడా చూడలేదు. ఆట నడుస్తుంటే మైదానానికి వీపు పెట్టి, రోడ్డు వైపు తిరిగి నిలబడేవారు. చూడరు, వింటారు. వీపు మీద అరచెయ్యి పడిన చప్పుడు, ఖో అన్న మాట, రెండూ ఒకేసారి రావాలి. ముందూ వెనుకా అయితే ఆయన చెయ్యి లేచేది. ఫౌల్ అని అర్థం.

"చప్పుడు ఒక్కటే రావాలె" అనేవారు. "రెండు చప్పుళ్లు వచ్చినయంటె నడుమ పట్టపగలు దొంగ పోతడు."

నేను పరీక్షగా కొన్నిసార్లు గమనించాను. ఆయన చెయ్యి లేచిన ప్రతిసారీ నిజంగానే తేడా ఉండేది. ఎవరు తప్పు చేశారో కూడా వెనక్కి తిరగకుండానే పేరు పెట్టి చెప్పేవారు.

ఆయనకు ఒక ప్రశ్న ఉండేది. కొత్తగా చేరిన ప్రతి పిల్లనూ పరుగు మధ్యలో ఆపి అడిగేవారు. "ఎందుకు ఉరుకుతున్నవ్ బిడ్డా?"

"ఔట్ చెయ్యనీకి సార్" అనేవాళ్లు అందరూ.

"గాదు. ఔట్ చేసేటోళ్ల దగ్గరికి తోలనీకి ఉరుకుతున్నవ్. నువ్వు తోలుకపో, కూసున్నామె లేసి పట్టుకుంటది. పేరు ఎవరిదైతేంది?"

ఆట మీద ఇష్టం ఎంత ఉన్నా సరిపోదని ఆయన నమ్మకం. ఆ ఇష్టాన్ని ఆయన పావురం అనేవారు. ఈ వైపు పల్లెల్లో పావురం అంటే ప్రేమ. "ఆట మీద పావురం ఉండాలె. దాంతోటి ఎందుకు అన్నది గూడ తెల్వాలె. పావురమొక్కటే ఉంటే గీత దాటిపోతరు" అనేవారు. ఉపన్యాసంలా చెప్పేవారు కాదు. సున్నం గీస్తూనో, బూటు లేసు ముడేస్తూనో చెప్పేవారు.

మంజులది సిటీలోది కాదు, మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్. మైదానంలో అందరికంటే వేగం ఆమెది. ఖో ఇవ్వడం మాత్రం ఆమెకు నచ్చేది కాదు. లేచిందంటే తానే తరమాలి, తానే పట్టాలి. పక్కన కూర్చున్నవాళ్లు ఎదురుచూస్తూ ఉండేవాళ్లు, ఈమె వాళ్ల వెనుక నుంచి గాలిలా వెళ్లిపోయేది. ఒక పోటీలో అలాగే పరుగెత్తి పరుగెత్తి ఊపిరి అందక కూలబడింది. జట్టు ఓడింది. మర్నాటి నుంచి సారు ఆమెకు పరుగు లేదన్నారు. రోజూ గడిలో కూర్చోవాలి. లేవకూడదు.

కొన్ని రోజులకు మంజుల తల్లి, ఆమె మాటలో అవ్వ, వచ్చింది. పక్క పొలాల్లో గాజరగడ్డ, అంటే క్యారెట్, పీకే కూలీకి పోతుంది. చేతుల మట్టి కూడా కడుక్కోకుండా నేరుగా మైదానంలోకి వచ్చింది. అప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"ఏం సారూ, నా బిడ్డెను ఆటకు తోలిస్తె రోజు కూసోవెడ్తున్నవంట? కూసునేదుంటే నా ఎంబడి గాజరగడ్డ పీకనీకి రాదా? కూలన్న వస్తది."

"చెల్లే, నీ బిడ్డె గాలి తీరుగ ఉరుకుతది. గని ఏడ ఆగాల్నో ఆమెకు తెల్వది."

"ఆమెకు తెల్వదు సరే. నీకు తెలుసా?"

పిల్లలు మోకాళ్లలో ముఖాలు దాచుకుని నవ్వారు. సారు కూడా నవ్వారు. ఆ ప్రశ్న చాలా ఏళ్ల తర్వాత మళ్లీ వచ్చింది. అప్పుడు ఆయనకు నవ్వడం కుదరలేదు.

మంజుల కూర్చోవడం నేర్చుకుంది. ఆ తర్వాత ఇవ్వడం నేర్చుకుంది. ఆ ఏడాది వాళ్ల జట్టు రాష్ట్ర పోటీలకు వెళ్లింది, రెండో స్థానంలో నిలిచింది. సారు ఉద్యోగంలో ఉండగా వచ్చిన పెద్ద ఫలితం అదే.

తర్వాతి సంవత్సరాల్లో మా రోడ్డు మారిపోయింది. హైటెక్ సిటీ అక్కడెక్కడో ఉన్నా, దాని నీడ మా దాకా వచ్చింది. కనకమామిడి ఊరి పొలాల్లో ఫామ్‌హౌసులకు ప్రహరీలు లేచాయి. టమాటా పెట్టెలు దించే చోట వెంచర్ల బోర్డులు దిగాయి. పొద్దున షేర్ ఆటోల పక్కన తెల్లటి కంపెనీ క్యాబులు ఆగడం మొదలైంది. నేను రాసే వార్తల్లో సగం భూములవే. మైదానానికి వచ్చే పిల్లలు తగ్గారు. కొందరి కుటుంబాలు అమ్ముకుని పోయాయి, కొందరు పిల్లలు పనుల్లో చేరారు.

ఆ రోజుల్లోనే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లు కనకమామిడిలో ఫామ్‌హౌస్ తీసుకుని, తమ ఉద్యోగులకు ఒక పూట ఆటలు ఆడించమని సారును పిలిచారు. ఫీచర్ దొరుకుతుందని నేనూ వెళ్లాను. ముందు ఒకాయన తెల్లబోర్డు మీద ప్యాషన్ అని రాశాడు, కింద పర్పస్ అని రాశాడు. రెండూ ఉంటే గొప్పవాళ్లవుతారని చెప్పాడు. సారు వెనుక నిలబడి శ్రద్ధగా విన్నారు. ఆ తర్వాత లాన్‌లో ఖో ఖో. వాళ్లు బాగానే ఆడారు, బాగా నవ్వారు. చాయ్ తాగేటప్పుడు ఒక కుర్రాడు వచ్చి సారు పక్కన కూర్చున్నాడు.

"సార్, ఈ ఖో లాంటిదే మా దగ్గర కూడ ఒకటుంటది. హ్యాండోవర్ అంటం. పోయేటోడు తన పనంత పక్కనోనికి చెప్పి, అప్పజెప్పి పోవాలె."

"ఎన్ని దినాలు వడ్తది?"

"ఒక్కోసారి నెల గూడ పడ్తది సార్."

"నెలనా!" సారుకు నవ్వాగలేదు. "మాకు ఒక్క చప్పుడు. అయిపాయె."

తిరుగు బస్సులో ఆయన ఆ మాట చాలాసార్లు తలుచుకుని నవ్వారు. తెల్లబోర్డు మీది రెండు మాటలకూ తన దగ్గర పాత పేర్లున్నాయని, పావురం, ఎందుకు అనీ చెప్పారు. ఆ కుర్రాడు చెప్పిన మూడో మాట హ్యాండోవర్‌ను మాత్రం ఆయన హాస్యంగానే తీసుకున్నారు. అప్పటికి ఆయన పదవీ విరమణ దగ్గరపడింది.

విరమణ జరిగింది. బడికి కొత్త డ్రిల్లు సారు రాలేదు, పోస్టు ఖాళీగా ఉండిపోయింది. హెడ్మేడం అభ్యంతరం చెప్పకపోవడంతో ఆయన మునుపటిలాగే రోజూ సాయంత్రం బస్సు దిగేవారు. అవే గీతలు, అదే విజిల్.

అప్పటికి మంజుల డిగ్రీ పూర్తి చేసి, మొయినాబాద్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఆఫీసులో కంప్యూటర్ పనికి కుదిరింది. సాయంత్రం పని అయిపోగానే మైదానానికి వచ్చేది. చిన్నపిల్లలకు డైవ్ నేర్పేది, పిల్ల తక్కువైతే తానే గడిలో కూర్చునేది. ఆమెకు ఆలోచనలు ఉండేవి. సిటీ జట్లతో ఆడించాలని, తప్పించుకునే ఆటను మార్చాలని. సారు అన్నిటికీ "చూద్దాం తియ్యి" అనేవారు. ఆ చూద్దాం ఏళ్లు నడిచింది. ఆమె విజిల్ అందుకోబోతే ఆయన చెయ్యి దాని మీదికి వెళ్లేది. కోపంతో కాదు, అలవాటుగా.

ఒక రోజు మొయినాబాద్ చౌరస్తాలో చాయ్ హోటల్ దగ్గర మంజుల కలిసింది. హైటెక్ సిటీ వైపు కంపెనీలో ఉద్యోగం వచ్చిందని చెప్పింది. షిఫ్టులు. క్యాబు చౌరస్తాకే వస్తుంది. వచ్చే సోమవారం చేరాలి.

"మరి ఆట?" అన్నాను.

"షిఫ్టులంటె ఆటేడిదన్నా? మా అవ్వ నడుము పోయింది. ఇంక ఎన్నొద్దులు వంగుతది పొలంల?" చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టింది. "సారు ఒక్కసారి, నువ్వు చూస్కో పోరీ, అంటే నేను పోనన్నా. కాలేజీ కొలువు ఉండనే ఉన్నది, మా అవ్వను ఎట్లనో సాదుకుంట."

"అడుగరాదు?"

ఆమె నా వైపు విచిత్రంగా చూసింది. "ఎట్ల అడుగుత? ఖో రాక ముందుకు లేస్తె ఫౌల్ గద."

హాస్యానికి అన్నదేమో అనుకున్నాను. ముఖం చూస్తే కాదు.

ఆ వారమే సారును ఒక మాట అడిగాను. విలేకరి అడగదగ్గ ప్రశ్నే. "సారూ, మీ తర్వాత ఈ జట్టును ఎవరు చూస్తరు?"

"తర్వాత ఏంది రిపోర్టర్ సాబ్? నేనున్న గద" అన్నారు. నిజంగానే ఆయనకు ఆ ప్రశ్న అర్థం కాలేదు.

మైదానంలో ఇంకో సంగతి జరుగుతోంది. దాన్ని నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. సారు ఎప్పటిలాగే వీపు పెట్టి వింటున్నారు, చెయ్యి లేపుతున్నారు. మునుపటి కంటే ఎక్కువసార్లు లేపుతున్నారు. పిల్లలు సరిగా ఇచ్చిన ఖోకు కూడా లేస్తోంది. "చెయ్యి వడలే. చప్పుడేది? ఉత్త నోరే ఉన్నది" అంటున్నారు. ఆయనకు అరుపు వినిపిస్తోంది, అరచెయ్యి చప్పుడు వినిపించడం లేదు. చెవి పోతోంది. పిల్లలకు అర్థమైంది. మంజులకు అందరికంటే ముందే అర్థమైంది. ఒక్కరూ నోరు తెరవలేదు. సారుకు చెవుడని సారుకు ఎవరు చెబుతారు? వాళ్లే ఒక ఉపాయం కనిపెట్టారు. వీపు మీద గట్టిగా చరచడం మొదలుపెట్టారు. గట్టిగా చరచాలంటే పరుగు తగ్గించాలి, చెయ్యి ఎత్తాలి, చరిచాక ఖో అనాలి. అది ఆయనకు వినిపించేది. ఆయన చెయ్యి లేచేది కాదు. అందరికీ సుఖంగా ఉండేది.

ఆ అలవాటుతోనే చేవెళ్లలో పోటీలకు వెళ్లారు. శనివారం, మంజుల ఉద్యోగంలో చేరాల్సిన సోమవారానికి ముందు. బిడ్డ ఆఖరిసారి జట్టుతో ఉంటుందని మంజుల తల్లి కూడా చూడటానికి వచ్చింది. ఆట మొదలైన కాసేపటికే రెఫరీ విజిల్. చెయ్యి ముందు, మాట వెనుక. ఫౌల్. ఫౌల్ పడితే తరిమే మనిషి వెనక్కి తిరగాలి, ఈలోపు ఎదుటి పిల్ల తప్పించుకుంటుంది. మళ్లీ విజిల్. మళ్లీ. సారు గీత అవతల నిలబడి, "ఒక్క చప్పుడు! ఒక్క చప్పుడు!" అని అరుస్తున్నారు. పిల్లలు ఆయన వైపు చూసి ఇంకా గట్టిగా చరుస్తున్నారు. ఇంకా ఆలస్యమవుతోంది. వాళ్లకంటే బలహీనమైన జట్టు చేతిలో ఓడారు.

బస్సు కోసం అందరూ రోడ్డు పక్కన నిలబడ్డారు. సారు పిల్లల మీద విసుక్కుంటున్నారు. "ఇన్నేండ్లు నేర్పిన. ఒక్క ఖో సక్కగ ఇయ్యరాకపాయె."

అప్పుడు మంజుల తల్లి అడ్డం వచ్చింది.

"పిల్లల్ని ఏమనకు సారూ. నా బిడ్డె ఈపు చూస్తవా? ఐదు వేళ్లు తేలినయ్. రోజు రాత్రి నేను నూనె రాస్తున్న. నీకు చెవులు ఇనవడ్తలెవ్వు. నీ చెవుల కోసం మా పోరిల ఈపులు పలగాల్నా?"

"అవ్వా, ఊకో" అన్నది మంజుల.

"ఎందుకు ఊకోవాలె? మీరు చెప్పరు, ఆయనకు తెల్వదు. గట్లనే ఓడుకుంట ఉండుండ్రి."

సారు పిల్లల వైపు చూశారు. "నిజమేనా?" అన్నారు. అందరూ ఒకేసారి బస్సు వచ్చే దిక్కుకు చూడటం మొదలుపెట్టారు. బస్సు రాలేదు. ఆయన అడిగిన దానికి అంతకంటే స్పష్టమైన జవాబు ఉండదు.

బస్సు వచ్చాక పిల్లల్ని ఎక్కించి, మంజులకు అప్పగించి, సారు తన ఇంటి వైపు నడిచారు. నేను పక్కనే కొంత దూరం నడిచాను. ఆయన నన్ను గమనించలేదనుకుంటాను, లేదా నా అడుగుల చప్పుడు వినిపించి ఉండదు.

ఆదివారం సాయంత్రం మైదానానికి వెళ్లాను. వెళ్లడానికి నాకు వార్తంటూ ఏమీ లేదు. పిల్లలు రాళ్లు ఏరుతున్నారు. సారు గీతలు గీస్తున్నారు. మామూలు కంటే మెల్లగా గీశారు. ఒక పిల్ల తక్కువ కావడంతో మంజుల మధ్య గడిలో కూర్చుంది, ముఖం రాళ్ల కుప్ప వైపు. ఆట మొదలుపెట్టమని సారు చెప్పలేదు. రోడ్డు వైపు తిరగలేదు. సున్నం డబ్బా కింద పెట్టి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, వరుస పక్క నుంచి నడుచుకుంటూ వచ్చారు. మంజుల వెనుక ఆగారు. వంగి ఆమె వీపు మీద చెయ్యి పెట్టి, ఖో అన్నారు.

ఆ చెయ్యి చప్పుడు చేయలేదు. నేను దగ్గర్లోనే ఉన్నాను, నా చెవులు బాగానే ఉన్నాయి, నాకూ వినిపించలేదు. మాట మాత్రం మైదానం అంతా వినిపించింది.

మంజుల వెంటనే లేవలేదు. లేచిన ప్రతిసారీ ముందుకు దూకే మనిషి, ఆ రోజు మెల్లగా లేచింది. సారు ఆమె గడిలోకి వచ్చి, నేల మీద చెయ్యి ఆనించి, మోకాళ్లు పట్టేస్తుంటే ఎలాగో ఒకలా కూర్చున్నారు. ముఖం రాళ్ల కుప్ప వైపు.

"ఏం జూస్తున్నవ్? నిలవడితె ఫౌలే. ఉరుకు" అన్నారు.

ఆమె ఉరికింది. విజిల్ ఆయన మెడలోనే ఉండిపోయింది. ఆ ఆటలో చేతికి ఇచ్చేది ఏదీ ఉండదు కదా.

సోమవారం చౌరస్తాలో క్యాబు ఆగింది. డ్రైవరు ఫోన్ చేశాడు, హారన్ కొట్టాడు, వెళ్లిపోయాడు. ఈ సంగతి చాయ్ హోటలాయన చెప్పాడు. మంజుల కాలేజీ ఉద్యోగంలోనే ఉండిపోయింది. పొద్దంతా కంప్యూటర్ ముందు, సాయంత్రం మైదానంలో. దాన్ని త్యాగం అంటే ఆమె ఒప్పుకోదు. "నాకు ఉరుకుడు కావాలె, ఉరుకుతున్న. త్యాగమేడిది?" అంటుంది. ఆమె తల్లిని మాత్రం ఆ ఏడాదే పొలం మాన్పించింది.

ఆ తర్వాత ఒక ఏడాది ఆమె జట్టు రాష్ట్ర పోటీల్లో గెలిచింది. వార్త నేనే రాశాను. ఫొటోలో సారు లేరు. రమ్మంటే రాలేదు. "నేను కూసున్నోన్ని. ఉరికొచ్చినోళ్లను తియ్యిండ్రి ఫొటో" అన్నారట. ఆ జట్టులో పిల్లలు కొందరు ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు, ఇద్దరు ముగ్గురు వేరే బళ్లలో ఆట నేర్పుతున్నారు. వాళ్లు పెట్టే ప్రశ్న కూడా అదేనని విన్నాను. ఎందుకు ఉరుకుతున్నవ్ బిడ్డా?

సబ్ ఎడిటర్ అడిగిన లైను ఇప్పటికీ నా దగ్గర లేదు. నాకు తెలిసిన సంగతులు ఇవి. ఆట మీది పావురం ఆయన్ను రాళ్ల నేలలో అన్ని ఏళ్లు నిలబెట్టింది. అదే పావురం విజిల్ మీది నుంచి ఆయన చెయ్యి తీయనివ్వలేదు. ఎందుకు అన్న ప్రశ్నను అందరినీ అడిగిన మనిషి తనను తాను అడగడానికి చాలా కాలం పట్టింది. అడిగాక మాత్రం ఒక్క రాత్రి కూడా ఎక్కువ తీసుకోలేదు. ఏ రెఫరీ అయినా దాన్ని ఆలస్యమైన ఖో అంటాడు. అయినా క్యాబు రాకముందే ఇచ్చారు.

చివరి సంవత్సరాల్లో కూడా ఆయన వచ్చేవారు, మోకాళ్లు సహకరించిన రోజుల్లో. పిల్ల తక్కువైతే మధ్య గడిలో చిన్న పీట వేసుకుని కూర్చునేవారు. ఆయనకు ఖో ఇస్తే లేవరు, ఇచ్చిన పిల్లే మళ్లీ పరుగెత్తాలి. "లేస్తడో లేవడో సూస్కోని ఇయ్యాలె గద పోరీ" అని పీట మీది నుంచి ఎగతాళి చేసేవారు. తెలిసి తెలిసీ పిల్లలు పరుగు వేగంలో ఆయనకు ఖో ఇస్తూనే ఉండేవాళ్లు. ఆయన ప్రతిసారీ నవ్వేవారు. ఆయనతో పాటు వరుసంతా నవ్వేది.

చేవెళ్లలో అంత్యక్రియలు అయిన కొన్నాళ్లకు మైదానానికి వెళ్లాను. గీతలు మంజుల గీసింది. ఆ రోజూ ఒక పిల్ల తక్కువైంది. మిగతావాళ్లు కూర్చున్నారు. మధ్య గడి ఖాళీగా ఉంది. అలా వదలమని ఎవరూ చెప్పినట్టు లేదు, ఎవరూ అందులోకి జరగలేదు. మంజుల ఆట వైపు వీపు పెట్టి రోడ్డుకేసి నిలబడింది. ఆమె కూడా అలాగే వింటుందని నాకు అప్పుడే తెలిసింది.

కొత్తగా చేరిన ఒక పిల్ల మంచి ఊపు మీద తరుముతూ వచ్చింది. ఎదుటి పిల్ల మెలిక తిరిగింది. ఈమె ఆ ఊపులోనే ఖాళీ గడి వెనుక ఆగి, వంగి, చెయ్యి చాపి, ఖో అన్నది. చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. అక్కడ వీపు లేదు. కూర్చున్నవాళ్లంతా అటు చూశారు. పిల్ల బిత్తరపోయి మంజుల వైపు చూసింది.

మంజుల చెయ్యి లేవలేదు. చప్పుడు ఒక్కటే వచ్చింది.